నిదానం మాస్టారి రెండో బ్రేకు

కూర్చుంటాలే అమ్మాయ్, కూర్చుంటా, ముందు ఊపిరి తీసుకోనీ. ఇంత పొడుగు కట్టారేంటమ్మా దీన్ని? గేటు దగ్గర్నించి ఇక్కడికొచ్చేసరికి మోకాళ్ళు రెండూ రాజీనామా ఇచ్చేశాయి. జాతీయ రవాణా మ్యూజియం అని అంతంత అక్షరాలతో బోర్డు పెట్టారు, లోపలేమో ఎడ్లబండి దగ్గర్నించి ట్రాము, రోడ్డు రోలరు, రెక్క లేని విమానం, అన్నీ ఉన్నాయి, ఒక్కటీ కదలదు. కదలాల్సింది మాత్రం మనం. మీ గేటు దగ్గరాయన పాపం చక్రాల కుర్చీ తెస్తానన్నాడు. వద్దన్నా. ఎందుకంటావా? అక్కడ గోడవారన పాతకాలపు చక్రాల కుర్చీ ఒకటి తాడు కట్టి, కింద చీటీ అంటించి పెట్టారు కదా. నేనూ అలాగే కూర్చుని వస్తే నాక్కూడా ఓ చీటీ అంటిస్తారేమోనని. నవ్వకు, నిజంగానే అనుకున్నా. ఏంటది, ఆ ఫోనులోనే రికార్డవుతుందా? పెట్టు, పెట్టు. నేను మాట్లాడేది ఎవరికి పనికొస్తుందో నాకైతే తెలీదు.

ఇదేనంటావా బండి? నాకు అనుమానమే. బస్సు నడపడం నేర్పే మా శిక్షణ బండి ఆకుపచ్చది. ఇది నీలం. ఏదీ? ఓహో, గీకి చూశారా. అవునవును, కింద ఆకుపచ్చే ఉంది. మరి నీలం ఎప్పుడేశారు? ముప్పై మూడేళ్ళు స్టోర్సులో పనిచేశాను, డిపోలో ఏ డబ్బా కదిలినా నా కౌంటరు మీదుగానే కదలాలి, ఈ నీలం డబ్బా ఎప్పుడిచ్చానో గుర్తు రావట్లేదు. ఇదిగో, ఇదీ నా సంగతి. గుర్తుండాల్సింది ఉండదు. మరిచిపోదామన్నది మాత్రం పొద్దున లేవగానే మంచం పక్కన కూర్చుని ఉంటుంది. కింద ఏదో చూపిస్తానని ఫోన్లో అన్నావు, చూద్దాంలే, ఎక్కడికి పోతుంది. ముందు నువ్వడిగింది చెప్పనీ, లేకపోతే మళ్ళీ దారి తప్పుతా.

ఈ బండి మీద నేర్పిందెవరంటే నిదానం మాస్టారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉండేది, అంతవరకే దాని పని. ఆయన మా బావ. మా పెద్దక్క మొగుడు. పొట్టిగా ఉండేవాడు, గుండ్రంగా, ఎప్పుడూ మెడ చుట్టూ కాలరు లోపల రుమాలు. నోరు తెరిస్తే నిదానం. గేరు మారిస్తే నిదానం, అన్నం పెడుతుంటే నిదానం, మా మేనకోడలు పుట్టేటప్పుడు ఆస్పత్రిలో నర్సుకి కూడా చెప్పాడట, నిదానం తల్లీ, నిదానం అని. ఆవిడ చెయ్యి పట్టుకుని వరండాలోకి పంపించేసింది. మా అక్క ఇప్పటికీ... ఇప్పటికీ ఏంటి, అక్క పోయి కూడా ఆరేళ్ళయింది. ఏడా? మా ఇంటావిడైతే టక్కున చెప్పేది. సరే. ఆ మనిషి గురించి ఈ బండి పక్కన పెట్టే అట్టముక్క మీద రాయడానికి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచావు. నేనెవర్నో తెలుసా నీకు? ఆ మనిషిని డిపో గేటు దగ్గర, పదిమందిలో, అబద్ధాలకోరువి అన్నవాణ్ణి. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు, ఆయన పోయేదాకా, మాట లేదు మా మధ్య. కాబట్టి నువ్వు సరైన మనిషిని పిలిచావో, సరిగ్గా పిలవకూడని మనిషిని పిలిచావో నాకే అర్థం కావట్లేదు.

చెబుతా, చెబుతా. ముందు ఈ బండి సంగతి తెలియాలి నీకు. మామూలు బస్సుకి డ్రైవరు ఒక్కడు, బ్రేకు ఒకటి. శిక్షణ బండికి పక్కన ఇంకో సీటు, మాస్టారిది, ఆ సీటు ముందు ఇంకో బ్రేకు పెడల్. నేర్చుకునేవాడు తడబడితే మాస్టారు తొక్కి ఆపాలన్నమాట. అదీ రూలు. తనిఖీకొచ్చినవాళ్ళు ముందు అదే చూసేవాళ్ళు, రెండో పెడల్ ఉందా, ఉంది, సంతకం. మా బావ ఆ పెడల్ మీద ఓ గోనెపట్టా కప్పి, దాని మీద కాలు పెట్టుకుని కూర్చునేవాడు. బూటు మురికి అంటకూడదని గోనె కప్పాడనుకునేవాళ్ళం. ఎక్కిన మొదటిరోజు ప్రతివాడికీ ఒకటే మాట. "ఒరే, నా కాలు బ్రేకు మీదే ఉంది. నువ్వు నీ కాలు చూసుకో. నా వైపు చూశావంటే దింపేస్తా." ఆ మాటొక్కటే కాస్త గట్టిగా అనేవాడు.

ఆయన నేర్పే పద్ధతి కూడా అందరి పద్ధతి కాదు. వచ్చినవాణ్ణి మూడురోజులు స్టీరింగు ముట్టనిచ్చేవాడు కాదు. ఆయనే నడుపుతూ మమ్మల్ని వెనక నిలబెట్టేవాడు, రెండు చేతుల్లో రెండు సంచులిచ్చి, ఏదీ పట్టుకోకుండా. మూడురోజులు ఊరంతా తిప్పేవాడు. పడితే లేచి నిలబడాలి. నిలబడ్డవాడి కాళ్ళు ఎలా ఉంటాయో తెలిస్తేగాని కూర్చున్నవాడికి నడపడం రాదనేవాడు. మా బ్యాచీలో ఒకడుండేవాడు, రేడియో అనేవాళ్ళం, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. వాడు మొదటిరోజే పడి మూతి పగలగొట్టుకుని, "మాస్టారూ, నేను డ్రైవరుగా చేరానా, సర్కస్సులో చేరానా" అన్నాడు. మా బావ నవ్వలేదు. "రేపు మూడు సంచులు" అన్నాడు. నేను మాత్రం పడలేదు. మూడురోజుల్లో ఒక్కసారి కూడా పడలేదు. అది గుర్తుంది. గొప్ప కోసం చెప్పట్లేదు, గుర్తుంది అంతే.

ఆ రోజు... మంగళవారమా? మంగళవారమే అయ్యుండాలి, వర్కుషాపులో కడిగే రోజు, అద్దం ఇంకా తడిగా ఉంది. కాదు, తడి వేరే రోజేమో. పోనీ. నా వంతు. బండిలో తొమ్మిది మందిమి, నేను స్టీరింగు ముందు, పక్కన బావ, వెనక ఏడుగురు, వాళ్ళ వంతు కోసం కూర్చున్నవాళ్ళు. రేవు దిగుడు అని ఒకటుండేది, ఏటి రేవులోకి దిగే రోడ్డు, ఇంత వాలుగా, రెండు మలుపులు. కొత్తవాళ్ళని అక్కడికి ఎవరూ తీసుకెళ్ళరు. మా బావ పన్నెండోరోజుకే తీసుకెళ్ళాడు నన్ను. "పద" అన్నాడు. మొదటి మలుపు బాగానే తిప్పా. రెండోది తిప్పేసరికి రోడ్డు మధ్యలో ఒక ముసలాయన. సైకిలు చైను ఊడిపోయింది, ఏకంగా రోడ్డు నడిమధ్యలోనే బోర్లించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చైను ఎక్కించుకుంటున్నాడు. మాకు వీపు. ప్రపంచంతో పని లేదు.

ఇప్పుడు విను అమ్మాయ్, ఇక్కడే ఉంది అంతా. నా చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. కాలు కొయ్యయిపోయింది. నేను తొక్కలేదు. తొక్కలేదని నాకు తెలుసు, ఎలా తెలుసంటే, తొక్కాలి తొక్కాలి అని లోపల అరుస్తున్నా, కాలు ఉలకదు పలకదు. ఆ క్షణంలో ఇటుపక్క నా కంటి చివర్న బావ కాలు కనిపించింది. బూటు కిందకి దిగింది, గోనె ముడుచుకుపోయింది, పెడల్ వెళ్ళి కింద రేకుకి తగిలి ఠంగుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది నాకు. ఠంగ్ అని. బండి ఆగింది. వెనక ఏడుగురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. బంపరుకీ ఆ సైకిలు చక్రానికీ మధ్య జానెడు, దిగి కొలిచాను కూడా, ఇదిగో ఈ చెయ్యితోనే. ఆ ముసలాయన ఏం చేశాడో తెలుసా? చైను ఎక్కించుకున్నాడు, గడ్డికి చేతులు తుడుచుకున్నాడు, లేచి మా వైపు చూసి, "దారికడ్డంగా పెట్టారేంటయ్యా బండి" అని కసిరి, ఎక్కి వెళ్ళిపోయాడు. ఏ ఊరో ఏంటో. ఆయనకి ఏమీ తెలీదు.

మా బావ మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది. రుమాలు తీసి తుడుచుకున్నాడు. జేబులో చిన్న పుస్తకం ఉండేది, ఒక్కొక్కడికీ ఒక పేజీ. తీసి నా పేజీలో రాశాడు, అత్యవసరంగా ఆపడం, బాగు. నేను చూశాను. "బావా, నేను తొక్కలేదు" అన్నా. "నువ్వే తొక్కావు" అన్నాడు. "లేదు బావా, నీ కాలు వెళ్ళడం నేను చూశా." "నా వైపు చూడొద్దన్నానా లేదా? నువ్వే తొక్కావు. నడుపు." అంతే. రివర్సులో నడిపించి ఆ దిగుడంతా మళ్ళీ ఎక్కించాడు నాతోనే. నాకు ఆ ఎక్కించడం అసలు గుర్తు లేదు. రేడియో చెబితే తెలిసింది, బాగానే ఎక్కించానట.

రేడియో చెప్పింది అదొక్కటేనా! సాయంత్రానికల్లా డిపో అంతా ఒకటే పాట. బ్రేకు బావది, లైసెన్సు బామ్మర్దిది. టికెట్లు చింపేవాళ్ళు, టైర్లకి గాలి కొట్టేవాళ్ళు, క్యాంటీన్లో టీ పోసేవాడు కూడా, చక్కెర వెయ్యనా, బావగార్ని అడిగి వెయ్యనా అని. నేను పరీక్షలో పాసయ్యా, ఉద్యోగం కాగితం వచ్చింది, ఫలానా తారీఖున ఫలానా బండి ఎక్కమని. ఆ కాగితం మా అమ్మకి చూపించానా? చూపించా. ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. మర్నాడు తీసుకెళ్ళి తిరిగిచ్చేశా. ఏం చెయ్యమంటావు? అరవైమందిని ఎక్కించుకుని వెళుతుంటే మళ్ళీ కాలు కొయ్యయితే? అప్పుడు పక్కన బావ ఉండడు కదా. నా భయం అదొక్కటే. ఎగతాళిని భరించేవాణ్ణేమో. ఆ భయాన్ని భరించలేకపోయా. స్టోర్సులో ఖాళీ ఉంటే అందులో వేశారు. కౌంటరు వెనక కూర్చుని బోల్టులు, నట్లు, పిన్నులు, ఫ్యాను బెల్టులు ఇవ్వడం. ముప్పై మూడేళ్ళు. మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. మా అబ్బాయి కారు కొంటే అందులో కూడా వెనక సీట్లోనే.

కాగితం తిరిగిచ్చిన రోజు గేటు దగ్గర ఆపాడు. సైకిలు దిగి, ఎప్పుడూ లేనిది, గబగబా వచ్చాడు. "ఒరే, పిచ్చి పని చేశావు. వెళ్ళి తెచ్చుకో దాన్ని. ఆ రోజు నువ్వే ఆపావు." నాకెక్కడలేని కోపం వచ్చింది. చుట్టూ జనం. రేడియో ఉన్నాడు, షిఫ్టు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు. "నువ్వు అబద్ధాలకోరువి బావా" అన్నా. "అక్క మొహం చూసి నన్ను పాస్ చేశావు. నా కాలు కదల్లేదు. నీ పెడల్ రేకుదాకా పోయింది, కళ్ళారా చూశా, చెవులారా విన్నా. ఎంతమందికి ఇలా అబద్ధాలు చెప్పి లైసెన్సులు ఇప్పించావు?" అన్నా. అనకూడని మాట. ఉద్యోగానికే ఎసరు అది. ఆయన అటూ ఇటూ చూశాడు. ఏదో చెప్పబోయాడు, మింగాడు. తర్వాత నిదానంగా, ఎప్పట్లాగే నిదానంగా అన్నాడు. "ఒకసారి బండి కిందకి దూరి చూడరా." అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

డిపోలో ఆ మాటకి అర్థమేంటో తెలుసా నీకు? బండి కిందకి దూరేది ఎవరు? గ్రీజు కొట్టేవాళ్ళు. అప్పుడే చేరినవాళ్ళు, ఏ పనికీ పనికిరానివాళ్ళు. నువ్వు డ్రైవరుగా పనికిరావు, పోయి గ్రీజు కొట్టుకో అన్నాడనుకున్నా. పదిమందీ అలాగే అనుకున్నారు, గొల్లున నవ్వారు. ఆ నవ్వుతో తెగిపోయింది మాకు. ఒకే వీధి తల్లీ. వాళ్ళిల్లు ఇటు చివర, మాది అటు చివర. అక్క ఇంటికి వెళతా, ఆయన గుమ్మంలో నిలబడి ఉంటాడు. "అక్కా, మీ ఆయన్ని కాస్త జరగమను" అనేవాణ్ణి. "వాణ్ణి నిదానంగా లోపలికి రమ్మను" అనేవాడు ఆయన. మధ్యలో అక్క. ఒకరోజు విసిగిపోయి గరిటె నేలకేసి కొట్టింది. "మీ ఇద్దరికీ మధ్య నేనేమన్నా గేరు రాడ్డునా" అంది. మా ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరం చెరో వైపు తిరిగి నవ్వుకున్నాం. మాట మాత్రం కలవలేదు.

తొమ్మిదో ఏడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆస్పత్రికి వెళ్ళాను, వెళ్ళలేదని కాదు. మందిచ్చి పడుకోబెట్టారు, మంచం పక్కన స్టూలు మీద గంటసేపు కూర్చున్నా. దుప్పటి కింద కుడికాలు ఉండుండి కదులుతోంది. ఎవరికి బ్రేకు వేస్తున్నాడో. లేపుదామనుకున్నా, లేపలేదు. పోయాక అక్కని అడిగా, నా గురించి ఏమన్నా అన్నాడా అని. "వాడికి చెప్పాల్సింది చెప్పేశానన్నాడు, అంతకు మించి ఏం లేదన్నాడు" అంది అక్క. నాకు ఇంకా ఒళ్ళు మండింది. ఏం చెప్పాడు నాకు? గ్రీజు కొట్టుకోమని చెప్పాడు. అదీ సంగతి. ఇప్పుడు రాసుకో నీ అట్టముక్క మీద. నీకేం పనికొస్తుందో నాకు తెలీదు.

ఏంటి, ఇక్కడికా? నేను వంగలేను. అద్దమా? ఓ, బండి కింద నేల మీద అద్దం పరిచారా, లైట్లు కూడా పెట్టారు. నిలబడే కడుపులోపలంతా చూడొచ్చన్నమాట. అప్పట్లో ఇలాంటిదుంటే మా గ్రీజువాళ్ళు దండం పెట్టేవాళ్ళు. ఉండు, కళ్ళజోడు మార్చుకోనీ. హా. అదిగో గేరు డబ్బా. అది బ్రేకు రాడ్డు, డ్రైవరు పెడల్ నించి వస్తోంది. ఇది రెండో పెడల్ తాలూకు కాడ. దీన్నించి అడ్డంగా ఒక కడ్డీ వెళ్ళి ఆ మొదటి రాడ్డుకి కలవాలి. కలిసే చోట పిన్ను. కడ్డీ ఏదీ? ఊడదీశారా? మీ మెకానిక్ ఊడదియ్యలేదా? మరి? ఎలా దొరికింది? తీగతో పైకి కట్టేసి ఉందా? ఏంటమ్మా నువ్వు చెప్పేది, నాకు అర్థం కావట్లేదు. కట్టేసి ఉండటమేంటి?

ఏదీ, ఆ బల్ల మీదున్నదేనా? ఇలా ఇవ్వు. బరువుంది. చేతి తొడుగులెందుకే నాకు, ముప్పై మూడేళ్ళు ఇనుముతోనే కాపురం చేశా. సరే వేసుకుంటా. కాదు, ఒక వేలు వదిలెయ్యనీ, వేలితో చూడాలి. ఈ చివర కన్నం చూశావా, పిన్ను దూరేది ఇందులోనే. నువ్వూ వేలు పెట్టు. అంచు గోటికి గీసుకుంటోందా? వాడిన కన్నం అయితే అరిగి నున్నగా ఉంటుంది, కోడిగుడ్డులా సాగుతుంది కూడా. ఇది నిన్న తొలిచినట్టుంది. లోపల ఆకుపచ్చ రంగు ఉంది చూడు, కన్నం లోపల. పిన్నుండగా రంగేస్తే లోపలికి పోదు. అంటే చేసిన రోజున రంగేశారు, ఆ తర్వాత ఇందులో పిన్ను దూరలేదు. ఎప్పుడూ దూరలేదు. ఆగు, ఆగు. తర్వాత ఎవరైనా కడ్డీ మార్చి ఉండొచ్చు కదా? మారిస్తే స్టోర్సు చీటీ ఉండాలి. నేనే ఇచ్చి ఉండాలి. ఇవ్వలేదు. ఇదిగో, ఇంకోటి గుర్తొస్తోంది నాకు. స్టోర్సులో మూడో అరలో ఓ రేకు డబ్బా ఉండేది, శిక్షణ బండి రెండో బ్రేకు పిన్నులు అని చీటీ. పన్నెండు. నేను చేరినప్పుడు పన్నెండు, నేను దిగిపోయేటప్పుడు నా తర్వాతవాడికి అప్పజెప్పింది పన్నెండు. ప్రతి ఏడూ డబ్బా దింపి, దుమ్ము దులిపి, పన్నెండూ ఉన్నాయని టిక్కు పెట్టేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్కటీ ఎందుకు ఖర్చవలేదు అని ఒక్కసారి కూడా అనుకోలేదే. ఏం స్టోరుకీపర్నమ్మా నేను?

అయితే ఇది ఏ బ్రేకూ కాదా? ఉత్త పెడలా? నాకు ముందు నించీ చెప్పు. కాదు, నువ్వేం చెబుతావు, నేనే చెప్పుకోవాలి. ఆయన తొక్కాడు. తొక్కడం నేను చూశా. రేకుకి తగిలి ఠంగుమంది... ఉండు. ఠంగుమంది. బ్రేకు ఉన్న పెడల్ రేకుకి తగలదు కదా. సగంలోనే గట్టిగా నిలబడుతుంది, పాదాన్ని వెనక్కి తోస్తుంది. రేకుదాకా పోయిందంటే దాని వెనక ఏమీ లేదన్నమాట. డిపోలో అప్పుడే చేరినవాడికి కూడా తెలుస్తుందది. బ్రేకులు రేకుకి తగులుతున్నాయి అని డ్రైవర్లు చీటీ రాసిస్తే, ఆ చీటీలు తీసుకుని సామాను ఇచ్చింది నేనే కదా, ఎన్ని వందలో. నలభై ఆరేళ్ళుగా ఆ ఠంగు మోసుకుని తిరుగుతున్నా. దొంగని పట్టించే సాక్ష్యం అనుకుని గేటు దగ్గర పదిమందికీ అదే చెప్పా. ఆయన ముందు నిలబడి, చెవులారా విన్నా బావా, రేకుకి తగిలింది అని. ఆయన విన్నాడు. ఆయనకి అర్థమయ్యే ఉంటుంది కదా నేనేం చెబుతున్నానో. నాకే అర్థం కాలేదు.

మరి తెలిసీ ఎందుకు తొక్కాడంటావు? ఏమో. పాదం ఊరుకుంటుందా? మా ఇంటావిడ కారు వెనక సీట్లో కూర్చుని, ఎదురుగా ఆవు కనిపిస్తే కాలితో నేలని తొక్కేది. ఆవిడకి బ్రేకుందా? అలాగే తొక్కి ఉంటాడు. భయపడ్డాడు మనిషి. మొహం అందుకే పాలిపోయింది. ఇంతకాలం నేనేదో తప్పు చేశానని పాలిపోయిందనుకున్నా. అంటే ఆ దిగుడులో తొమ్మిది మందికీ కలిపి ఉన్నది ఒక్క బ్రేకే. అది నా కాలు కింద ఉంది. నాకు తెలీదు, ఆయనకి తెలుసు. తెలిసే పద అన్నాడు. పన్నెండోరోజుకి. నన్ను అంత నమ్మిన మనిషి ఇంకొకరు లేరమ్మా, మా అమ్మతో సహా. లేకపోతే ఒట్టి పిచ్చివాడు. చూడు, నాకు కోపం కూడా వస్తోంది. అడ్డమైనవాడి చేతిలో బండి పెట్టి, పక్కన ఉత్త పెడల్ మీద కాలేసుకుని కూర్చుంటాడా? ఎవడైనా చస్తే? ఆ సైకిలాయన చస్తే? అబద్ధం కూడా ఆడలేదు చూడు, నా కాలు బ్రేకు మీదే ఉంది అన్నాడు, నేను ఆపుతానని ఎప్పుడూ అనలేదు. మాస్టారు ఆపుతాడులే అనుకుంటే నేర్చుకునేవాడి కాలికి బుద్ధి రాదు, మాస్టారి దగ్గర బ్రేకు లేదని తెలిస్తే వాడు బండే ఎక్కడు. అందుకని చేశాడా? లేక మొదట్లో ఎవడో బద్ధకించి పిన్ను వెయ్యకపోతే, ఈయన చూసి, ఇదే నయమని ఊరుకున్నాడా? అడగడానికి ఎవరున్నారు. గేటు దగ్గర అంతమందిలో నోరు విప్పి చెప్పి ఉంటే ఆయన ఉద్యోగం పోయేది, శిక్షణ బడి మూసేసేవాళ్ళు. చెప్పలేకపోయాడు. అయినా చెప్పాడు. కిందకి దూరి చూడరా అన్నాడు. దూరి చూస్తే సరిపోయేది. బండి అక్కడే ఉంది, గేటుకి ఇరవై అడుగుల దూరంలో, షెడ్డులో. ముప్పై మూడేళ్ళు రోజూ దాని పక్కనించే స్టోర్సుకి నడిచా.

కానీ నా కాలు కదల్లేదే. అదే తల్లీ నాకు అర్థం కానిది. నాకు తెలుసు, కదల్లేదు. కొయ్యలా ఉండిపోయింది. మరి బండి ఎలా ఆగింది? ఊరికే ఆగుతుందా, వాలులో? నేనే తొక్కి ఉండాలి. తొక్కి, తొక్కలేదనుకున్నానా? ఒక మనిషికి తన కాలు ఏం చేసిందో తెలియకుండా ఉంటుందా? బ్యాచీలో అందరూ పడ్డా నేను పడలేదు, మూడురోజులూ. కాళ్ళు బాగానే ఉండేవి నాకు. ఏంటో, అంతా కలగాపులగంగా ఉంది. మంచినీళ్ళున్నాయా? చాల్లే, రెండు గుక్కలు చాలు.

ఏం రాయమంటావా? నన్నెందుకమ్మా అడుగుతావు. రెండో బ్రేకు ఉత్తుత్తిది అని రాస్తే, చదివినవాళ్ళందరూ ఎంత బాధ్యత లేని మనిషో అనుకుంటారు. అనుకోవడం తప్పని కూడా నేను చెప్పలేను. రాయకపోతే, గేటు దగ్గర నేనన్న మాటే మిగిలిపోతుంది. అబద్ధాలకోరు అని. అది వెనక్కి తీసుకునేదెలా? కడ్డీ కలపాలా, అలాగే వదలాలా అంటావా? కలపకు. అది మాత్రం కలపకు. తీగతో ఎలా కట్టాడో అలాగే కట్టండి. ముడి ఫోటో ఉందా? నిదానంగా చుట్టి ఉంటాడు, నాలుగు చుట్లు. చూపించొద్దులే ఇప్పుడు.

ఎక్కుతానా? ఎక్కడికి? డ్రైవరు సీట్లోకా? తాడు కట్టి ముట్టుకోవద్దని రాశారుగా. నీ ఇష్టం ఉంటే తీస్తావనుకో. ఏమో అమ్మాయ్. మెట్టు ఎత్తుగా ఉంది. మా రోజుల్లో ఇంత ఎత్తు లేదు. ఏ కాలు ముందు పెట్టాలో కూడా... అమ్మాయ్, ఆ వెనక ఎడమ చక్రంలో గాలి తక్కువగా ఉంది, చూశావా? బండి అటు వాలిపోతోంది. అలా వదిలేస్తే రింగు పాడవుతుంది. మీ మెకానిక్‌కి చెప్పు. రాసుకున్నావా? వెనక ఎడమది.